ఆరో గడి

చిబాయిష్‌లో పడవ దిగేసరికి
నా నోటుబుక్కులో ఐదు గళ్లు గీసి ఉన్నాయి:
నది. తల్లి. బుట్ట. ఎత్తుకున్న చేతులు. చివరికి ఏమయ్యాడు.

బస్రా నుంచి మోసుకొచ్చిన కథలు పదకొండు.
ఒకదాంట్లో పూజారిణి రహస్యంగా కన్న బిడ్డ,
నీళ్లు తోడేవాడికి దొరికి, తోటపని నేర్చి, రాజ్యమేలాడు.
ఒకదాంట్లో స్నానానికొచ్చిన రాజుగారి కూతురు ఎత్తుకుంది,
ఆ పిల్లాడి ముందు సముద్రం రెండు గోడలై నిలబడింది.
తూర్పునుంచి వచ్చినదాంట్లో
బిడ్డ చెవులకి పుట్టుకతోనే బంగారం,
పెట్టెలో అతని పక్కనే సూర్యుడు ముడుచుకుని పడుకున్నాడు.
పడమటిదాంట్లో కవలలు. తోడేలు పాలు.

పేర్లు చెరిపేస్తే మిగిలేది ఒక్కడే పిల్లాడని
నా సిద్ధాంతం.
లాంతరు కింద గళ్లు నింపుతుంటే
పదకొండు భాషల్లో ఒకే ఏడుపు.

ఫెద్దా అన్నీ విన్నది,
బొటనవేలితో రెల్లు తొక్కిపట్టి చీలుస్తూ.
మధ్యలో రెండుసార్లు గేదెను అదిలించింది.
సూర్యుడు పడుకున్నచోట మాత్రం
"వేడికి తారు కరగలేదా?" అంది.

తర్వాత అడిగింది:
"తారు ఎవరు పూశారు?"

తల్లే అన్నాను. పుస్తకాల్లో అలాగే ఉంది.

నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు.
"పచ్చి బాలింత.
లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి.
రెల్లు కోసిందీ తనే, ఎండబెట్టిందీ తనే,
చీల్చి, అల్లి, తారు కాచి,
పొగ రాజభటుల కంటపడకుండా పూసిందీ తనేనా?
ఒక్క రాత్రిలో?
నాయనా, నువ్వెప్పుడైనా బుట్ట అల్లావా?"

లేదు.

"పక్కగుడిసె ఆడది ఉండి ఉంటుంది.
ఎక్కడైనా ఉంటుంది.
బిడ్డను నీళ్లలో వదలడమంటే
బిడ్డకు నీళ్లు వదులుకోవడం కాదని
తెలిసిన మనిషి.
బుట్టను ముందు తొట్లో ముంచి, అడుగు తడిమి,
చెమ్మ తగిలితే మళ్లీ పూసిన మనిషి."

కట్టలు పోసి చిత్తడినీళ్లు మళ్లించిన ఏడు
ఫెద్దాకి తొమ్మిదిరోజుల పసివాడు.
రెల్లు అంటుకుంది. గేదెలు బురదలో నిలబడే చచ్చాయి.
మక్కియా అని పక్కగుడిసె ఆమె
మిగిలిన పచ్చిరెల్లుతో బుట్ట అల్లింది,
అలవాటైన చెయ్యి, తారు కూడా పూసింది.

"దేనికి, నది ఏదీ? అన్నాను.
ఏమో, అంది. పూసింది."

పగుళ్లిచ్చిన నేలమీద
నెత్తిన బుట్టతో నాలుగు రోజులు నడిచింది ఫెద్దా.
ఏ రాజకుమార్తె స్నానానికి రాలేదు.
మక్కియా ఇంకో దారిన వెళ్లింది, ముసలి అత్తను వీపున వేసుకుని.

పిల్లాడి పేరు చిలైబ్, అంటే కుక్కపిల్ల.
చావు కూడా ముక్కు మూసుకుని పక్కనుంచి పోవాలని
మనుషులు అన్నిచోట్లా పెట్టుకునే పేరు.
(దానికీ ఒక గడి కావాలి. తర్వాత.)
నీళ్లు తిరిగొచ్చాక తనూ వచ్చాడు,
పడవల మోటార్లు బాగుచేస్తాడు.
ఈ వారం పంటినొప్పి.
నా చివరి గడిలో అదే రాశాను.

ఆరో గడి గీయబోతే కాగితం చాల్లేదు,
గీత అంచుదాకా పోయి వంకరగా కిందికి జారింది.
మక్కియా, అని రాసి
పైనున్న పదకొండు వరసలు చూస్తూ కూర్చున్నాను.

"వాటిల్లో కూడా దాని పేరే వేసెయ్యి," అంది ఫెద్దా,
"ఎవడొచ్చి అడుగుతాడు?"

నేను రాయలేదు. చదువుకున్నవాణ్ణి.
ఆమె ఎలా ఉండేదని మాత్రం అడిగాను.

చాలాసేపు ఆలోచించింది.
"పొట్టిగా," అంది.
"ఎడమచేత్తో అల్లేది."

చూరుకింద ఆ బుట్ట ఇంకా వేలాడుతోంది,
తలకిందులుగా అల్లిన ఎడమచేతి ముడులతో.
అందులో కోడి పొదుగుకు కూర్చుంది.
వంగి చూడబోతే
చేతిమీద పొడిచింది.